స్లో కుక్కర్‌లో కార్న్డ్ బీఫ్: ఉప్పు వదలాలి, మూత తీయకూడదు

స్లో కుక్కర్ (కరెంటుతో, సన్నటి వేడి మీద గంటల తరబడి వండే గిన్నె) కొత్తగా కొన్నవాళ్లు మొదట ఏం వండాలని అడిగితే నేను కార్న్డ్ బీఫ్ పేరే చెబుతాను. ఉడికించే పనంతా కుక్కరే చూసుకుంటుంది. మనం కాస్త బుర్ర పెట్టాల్సింది కుక్కర్‌లో పెట్టే ముందూ, తీశాకా మాత్రమే.

నేను చెప్పేది డబ్బాలో వచ్చే మెత్తటి సరుకు గురించి కాదు. ఉప్పునీళ్లలో ఊరబెట్టి, సీలు చేసి అమ్మే పచ్చి బ్రిస్కెట్ గురించి. బ్రిస్కెట్ అంటే పశువు రొమ్ము భాగం. ఒంటి బరువు మోసే చోటు కాబట్టి గట్టిగా, పీచుగా ఉంటుంది. ఇందులో రెండు రకాలు దొరుకుతాయి. ఫ్లాట్ కట్ పల్చగా, కొవ్వు తక్కువగా ఉండి ముక్కలు నీటుగా తెగుతాయి. పాయింట్ కట్‌లో కొవ్వెక్కువ, ఉడికాక విడిపోతుంది. రుచి పాయింట్‌దే అని నా ఓటు. కానీ పళ్లెంలో ముక్కలు అందంగా కనపడాలంటే ఫ్లాట్ తీసుకోండి. కొనేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోండి: ఉడికేసరికి మూడో వంతు దాకా తరిగిపోతుంది. నలుగురికైతే కిలోన్నర ముక్క తెచ్చుకోవాలి.

మొదటి పని కడగడం. ప్యాకెట్‌లోని నీళ్లు పారబోసి, కుళాయి కింద చిన్న ధారలో అన్ని వైపులా కడగండి. ఉప్పు తక్కువ తినేవాళ్లుంటే చల్లనీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు ఉంచి, ఆ నీళ్లు కూడా పారబోయండి. ఇక ఆ తర్వాత ఉప్పు డబ్బా వైపు చూడొద్దు. కూరగాయలకీ విడిగా అక్కర్లేదు, మాంసంలోంచి దిగే ఉప్పే సరిపోతుంది. మాంసం గడ్డకట్టి ఉంటే మాత్రం ముందురోజే ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వండి. గడ్డ ముక్క స్లో కుక్కర్‌లో వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఆలోపు క్రిములు పెరుగుతాయి.

కుక్కర్ అడుగున పెద్ద ముక్కలుగా కోసిన ఉల్లిపాయ, క్యారెట్, బంగాళాదుంపలు. దుంపలు అడుగున ఎందుకంటే ఇందులో మాంసం కంటే అవే నెమ్మదిగా ఉడుకుతాయి. వాటి మీద మాంసం, కొవ్వు వైపు పైకి. ప్యాకెట్‌తో మసాలా పొట్లం వస్తే చల్లేయండి. రాకపోతే ఆవాలు, ధనియాలు, మిరియాలు ఒక్కో చెంచా, నాలుగు లవంగాలు, రెండు బిర్యానీ ఆకులు చాలు. నేనైతే రెండు వెల్లుల్లి రెబ్బలు కూడా చితక్కొట్టి వేస్తాను. మాంసం దాదాపు మునిగేదాకా నీళ్లు పోయండి. కొందరు బీరు పోస్తారు, బాగానే ఉంటుంది. ఉప్పు కలిసిన స్టాక్ (ఎముకలో, కూరగాయలో ఉడికించిన రసం) మాత్రం వద్దు. కుక్కర్‌ని అంచుదాకా నింపకండి.

కుక్కర్ మీటని 'లో' (తక్కువ వేడి) మీద పెడితే ఎనిమిది నుంచి పది గంటలు, 'హై' (ఎక్కువ వేడి) మీద నాలుగు నుంచి ఆరు. టైముంటే 'లో' మేలు. ఈ మాంసాన్ని గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ నెమ్మదిగా కరిగి జిగురు కావాలి. తొందరపెడితే పీచు బిగుసుకుంటుంది. వాసనకి ఆగలేక మూత తీయాలనిపిస్తుంది, నాకు తెలుసు. తీశారంటే పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై ముప్పై నిమిషాలు ఆలస్యం. ఒక్కసారి తీయొచ్చు, అదీ క్యాబేజీ కోసం. కాడ తెగకుండా పెద్ద చెక్కలుగా కోసి, 'లో' మీదైతే చివరి రెండు గంటల్లో, 'హై' మీదైతే చివరి గంటలో పైన పెట్టండి. మొదటే వేస్తే క్యాబేజీ గుజ్జైపోయి ఇల్లంతా కంపు.

ఉడికిందా లేదా అన్నది రంగు చూసి చెప్పలేం. ఊరబెట్టేటప్పుడు వాడే నైట్రైట్ అనే లవణం వల్ల పూర్తిగా ఉడికినా గులాబీ రంగులోనే ఉంటుంది, టెన్షన్ పడకండి. ఫోర్కు గుచ్చి తిప్పితే సులువుగా తిరగాలి. థర్మామీటర్ ఉంటే మధ్యలో 90 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. 63 డిగ్రీలు దాటి కాసేపు ఆగితే తినడానికి భద్రమే, కానీ నమల్లేరు. గట్టిగా అనిపిస్తే ఇంకో గంట వదిలేయండి. చాలాసార్లు ఎక్కువ ఉడికి కాదు, చాలక గట్టిగా ఉంటుంది.

బయటికి తీశాక పావుగంట కదపకుండా ఉంచి అప్పుడు కోయండి. ముక్క మీద పీచు గీతలు ఎటు పోతున్నాయో చూసి, వాటికి అడ్డంగా కత్తి పెట్టాలి. గీతల వెంట కోస్తే, పది గంటలు ఉడికిన మాంసం కూడా నోట్లో తాడులా సాగుతుంది. పక్కన కాస్త ఘాటైన ఆవ పచ్చడో, మస్టర్డో ఉండాలి. ఈ కొవ్వుకి ఆ ఘాటు లేకపోతే రెండు ముక్కలకే మొహం మొత్తుతుంది.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, కొంచెం ఉడికిన నీళ్లు పోసి పెడితే ఎండిపోదు. మూడు నాలుగు రోజులు నిలవ ఉంటుంది. మర్నాడు పొద్దున దాన్ని చిన్న ముక్కలు చేసి, మిగిలిన దుంపలతో కలిపి పెనం మీద అంచులు కరకరలాడేదాకా వేయించి, పైన ఒక గుడ్డు కొట్టుకోండి.