హేతువాద పఠన బృందానికి పుస్తకాలు ఎంచుకోవడం ఎలా

హేతువాదులు పఠన బృందం పెట్టుకుంటే మొదటి పుస్తకం సాధారణంగా బాబాల గుట్టు విప్పేదే అవుతుంది. మొదటి వారం హుషారుగా గడుస్తుంది. మూడో వారానికి మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. ఆ బాబాను నమ్మినవాళ్లు గదిలో ఒక్కరూ లేరు కదా! చదువుతున్నవాళ్ల సొంత నమ్మకాలను కదిపే పుస్తకం కావాలి. అలాంటిది దొరకాలంటే ముందు ఆ నమ్మకాలేమిటో తెలియాలి.

అందుకే పుస్తకాల పేర్లు అడగకుండా చీటీలు పంచండి. తాను నిజమనుకుంటూ, ఎన్నడూ సరిచూసుకోని ఒక మాట ప్రతి ఒక్కరూ రాయాలి. ‘మైక్రోవేవ్‌లో వండితే పోషకాలన్నీ పోతాయి’, ‘పౌర్ణమినాడు ఆసుపత్రులకు రద్దీ ఎక్కువ’, ‘చదువుకున్నవాళ్లకు మూఢనమ్మకాలు తక్కువ’ లాంటివి. మూడోది హేతువాదులకు బాగా ఇష్టమైన నమ్మకం కాబట్టి దాన్ని తప్పకుండా పట్టుకోండి. వైద్యం, మనస్తత్వం, చరిత్ర, మతం... ఏ వైపు చీటీలు ఎక్కువ పడితే ఆ వైపు పుస్తకం వెతకండి.

ఎనిమిది నుంచి పన్నెండు మంది, రెండు వారాలకోసారి, గంటన్నర కూర్చుంటే ఒక విడతకు నలభై పేజీలు సరిపోతాయి. అంటే రెండు వందల పేజీల పుస్తకం ఐదు విడతల్లో అయిపోతుంది. నాలుగు వందల పేజీలది మొత్తం పెట్టుకుంటే సగం దాటకముందే హాజరు పడిపోతుంది. పెద్ద పుస్తకం నచ్చితే అధ్యాయాలు ఏరుకోండి. ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ ‘ది డీమన్ హాంటెడ్ వరల్డ్’లో బూటకపు వాదాలను పట్టుకునే పద్ధతి చెప్పే అధ్యాయం ఒక్కటే రెండు విడతలకు సరిపోతుంది.

కొత్త బృందానికి గోరా ‘యాన్ అథీస్ట్ విత్ గాంధీ’ మంచి ఆరంభం. 1951లో నవజీవన్ ప్రచురణ సంస్థ వేసిన చిన్న పుస్తకం. విజయవాడ నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా, దేవుణ్ణి గాఢంగా నమ్మిన గాంధీ ఒకరినొకరు గౌరవించుకుంటూ ఎలా వాదించుకున్నారో ఇందులో కనిపిస్తుంది. ఎదుటివాణ్ణి ఎగతాళి చేయకుండా విభేదించడం బృందం మొదట్లోనే అలవాటు చేసుకోవాలి. ఆ అలవాటును ఈ పుస్తకం నేర్పినంత బాగా ఏ నియమావళీ నేర్పదు.

పుస్తకం ఖాయం చేసేముందు ఇద్దరు కూర్చుని ఇరవై నిమిషాలు దాన్ని పరీక్షించాలి. మధ్యలో ఎక్కడైనా తెరిచి, అంకెతోనో పరిశోధనతోనో కూడిన మూడు వాక్యాలు గుర్తుపెట్టండి. వాటికి ఆధారం చివరి పేజీల్లో ఉందా? ఉంటే అది మూల పరిశోధనా, మరో రచయిత మాటా? మూడింటిలో రెండింటికి దారి దొరక్కపోతే పక్కన పెట్టేయండి. రచయిత మన పక్షం వాడని ఈ పరీక్ష మానేయకూడదు. మనకు నచ్చిన పుస్తకాన్నే ఎక్కువ గట్టిగా నొక్కి చూడాలి.

ఏ ముద్రణో కూడా చూడండి. బ్రిటిష్ వైద్యుడు బెన్ గోల్డేకర్ ‘బ్యాడ్ సైన్స్’ 2008లో మొదట వచ్చినప్పుడు, ఎయిడ్స్‌కు విటమిన్ మాత్రలు అమ్మిన మథియాస్ రాత్ మీద అధ్యాయం అందులో లేదు. రాత్ వేసిన పరువునష్టం దావా అప్పటికి నడుస్తోంది. దావా ముగిశాక తర్వాతి ముద్రణలో చేర్చారు. సభ్యుల చేతుల్లో వేర్వేరు ముద్రణలుంటే పేజీ సంఖ్యలూ కలవవు, చర్చా కలవదు.

కాలం చెల్లిన భాగాలున్న పుస్తకాన్ని పూర్తిగా వదులుకోనక్కర్లేదు. మనస్తత్వవేత్త డేనియల్ కానమన్ 2011 నాటి ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’ తీసుకోండి. ముసలితనాన్ని గుర్తుచేసే మాటలు చదివిన విద్యార్థులు నెమ్మదిగా నడిచారన్న ప్రయోగం అందులో ఉంది. 2012లో మరో పరిశోధక బృందం అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. చిన్న ప్రయోగాలను అతిగా నమ్మానని 2017లో కానమనే ఒప్పుకున్నారు. అధ్యాయం చదివిన విడతలో ఈ సంగతి చెప్పకుండా, తర్వాతి విడతలో చెప్పండి. తాము ఎంత తేలిగ్గా నమ్మేశారో సభ్యులకు అప్పుడు తెలుస్తుంది. ఈ ఒక్క అనుభవం పది ఉపన్యాసాలకంటే ఎక్కువ నేర్పుతుంది.

భాష దగ్గర చాలా బృందాలు చీలిపోతాయి. ఇంగ్లిషు ధారాళంగా చదవలేనివాళ్లు నోరు విప్పడం మానేస్తారు, తర్వాత రావడం మానేస్తారు. రెండు ఇంగ్లిషు పుస్తకాలకు ఒక తెలుగు పుస్తకమైనా పెట్టండి. కొడవటిగంటి కుటుంబరావు, ఆయన కుమారుడు రోహిణీప్రసాద్ రాసిన వైజ్ఞానిక వ్యాసాలు విడతకు రెండు మూడు చొప్పున చదువుకోవచ్చు. ఇంగ్లిషు అధ్యాయానికి ఎవరైనా రెండు పేజీల తెలుగు సారాంశం రాస్తే మంచిదే కానీ, చర్చ మెల్లగా ఆ సారాంశం మీదికే మళ్లుతుంది. వివాదం వచ్చిన పేరా మూలంలోంచి పైకి చదివి, అక్కడికక్కడే తెలుగులో చెప్పుకోండి.

పాత హేతువాద పుస్తకాలు చాలావరకు ముద్రణలో లేవు. పేరు ప్రకటించేముందే ప్రతులు దొరుకుతాయో లేదో కనుక్కోండి. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో ఏడాదికి సరిపడా కొనిపెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

ఓటింగుకు మూడు పేర్లు చాలు, తలకు రెండు ఓట్లు. పుస్తకం ప్రతిపాదించినవాళ్లకు చర్చ నడిపే బాధ్యత ఇవ్వకండి, వాళ్లు దాన్ని వెనకేసుకొస్తారు. ప్రతి పుస్తకానికీ దాన్ని గట్టిగా ఖండించే పది పేజీల వ్యాసం ఒకటి జతచేసి, చివరి విడతలో అరగంట దానికే ఇవ్వండి. వరసగా రెండు విడతలు సగంమంది చదవకుండా వస్తే ఆ పుస్తకాన్ని అక్కడితో ఆపి, ఓట్లలో రెండో స్థానంలో వచ్చినదాన్ని తీసుకోండి.