నాట్లకు వచ్చే వలస కూలీలకు క్రైస్తవ సంఘం అండగా నిలవడం ఎలా?

నాట్ల కాలంలో మిర్యాలగూడ, హాలియా వైపు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టుకు బీహార్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి కూలీల ముఠాలు వస్తాయి. ఎకరాకు ఇంత అని గుత్తకు మాట్లాడుకొని నాటు వేసే ఈ కూలీలలో చాలామందికి తెలుగు రాదు. పాలమూరు లేబర్‌గా దేశమంతటా కాలువలు తవ్వి, ఆనకట్టలు కట్టి వచ్చిన కుటుంబాలు మన సంఘాల్లోనే ఉన్నాయి కనుక, పరాయి చోట కూలి ఎగవేతకు గురైనవారి బాధ మనకు ఒకరు చెప్పవలసినది కాదు.

మొదటి పని సంఘం లోపలే ఉంది. ముఠాలను పిలిపించుకునే రైతులు సంఘ పెద్దల్లోనే ఉండవచ్చు; సూర్యుడు అస్తమించకముందే కూలివానికి కూలి ఇవ్వాలన్న బైబిల్‌లోని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయపు ఆజ్ఞ వారి పొలాల్లో అమలు కాకపోతే, పొరుగు రైతును అడిగే అర్హత సంఘానికి ఉండదు.

ముఠా దిగగానే హిందీ వచ్చిన ఒకరిద్దరు సభ్యులు వెళ్లి, మేస్త్రీతో మాత్రమే కాక కూలీలందరితో కూర్చొని ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాలి. తేదీ, రైతు పేరు, మడి విస్తీర్ణం, ఎకరాకు కుదిరిన ధర, తీసుకున్న అడ్వాన్సు, బియ్యానికీ దారి ఖర్చుకూ పట్టుకునే మొత్తం రెండు భాషల్లో రాసి, రైతు చేత, మేస్త్రీ చేత సంతకం పెట్టించి, ఆ పేజీని కూలీల ఫోన్లలో ఫొటో తీయించండి. విస్తీర్ణం దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. రెండెకరాలని చెప్పిన పొలం నిజానికి రెండెకరాల పది గుంటలుంటే పావు ఎకరం కూలి పోయినట్టే. అందుచేత నాటు మొదలుకాకముందే పట్టాదారు పాసుపుస్తకం చూసి రాసుకోవడం మేలు. పత్తి ఏరడానికి వచ్చే కుటుంబాలకైతే ప్రతి సాయంత్రం కాటా దగ్గర నిలబడి తూకం రాయాలి.

కూలి ఆగితే ముందు ఆ పుస్తకంతో గ్రామ పెద్దల సమక్షంలో మాట్లాడండి. తెగకపోతే కార్మిక శాఖ అధికారికి అర్జీ పెట్టించండి. ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థను గానీ, 15100 నంబరును గానీ సంప్రదించవచ్చు. అయితే ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది కూలీలే తేల్చుకోవాలి, ఎందుకంటే వచ్చే సీజన్‌లో పని పోగొట్టుకునేది వారే. ఈ సాయానికి ప్రార్థనకు రావాలన్న షరతు ఎన్నడూ ఉండకూడదు.

స్వరాష్ట్రపు రేషన్ కార్డుతో ఇక్కడి చౌకధరల దుకాణంలో బియ్యం తీసుకోవచ్చన్న సంగతి కూడా వారికి చెప్పండి. పనిలో పిల్లలు కనిపిస్తే పిల్లల సహాయవాణి 1098కు ఫోన్ చేయండి.

అడ్వాన్సు తీరలేదని ఆధార్ కార్డులు దాచిపెట్టి, కదలనివ్వకుండా పని చేయిస్తుంటే దాన్ని మామూలు కూలి తగాదాగా చూడకూడదు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం అటువంటి బాకీని రద్దు చేస్తుంది. వెంటనే ఆర్డీఓకు గానీ కలెక్టర్‌కు గానీ రాతపూర్వకంగా తెలియజేసి, విచారణ జరిగేలా చూడండి. వెట్టి నుంచి విముక్తులయ్యారని అధికారి ఇచ్చే విడుదల పత్రం చేతికి రాకముందే వారిని రైలెక్కించవద్దు. సొంత ఊరికి వెళ్లాక పునరావాస సాయం అడగడానికి ఆ పత్రమే ఆధారం.