ట్రావెల్ ట్రైలర్‌కు కొత్త టైర్లు: కొనే ముందు కాటా, కదిలే ముందు గాలి

ట్రావెల్ ట్రైలర్ అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. దాని టైరుతో ఉన్న చిక్కేంటంటే, పాడైపోయినా పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఒకేచోట నిలబడి ఉంటుంది, తిరిగే నాలుగు రోజులూ నిండా బరువుతో హైవే మీద పరిగెడుతుంది. కాబట్టి అరగదు, లోపల రబ్బరు ఎండిపోయి పొరల పట్టు వదిలేస్తుంది. గీతలు ఇంకా నిండుగా ఉన్నాయి కదా అని మనం చూసీ చూడనట్టు వదిలేస్తాం. ఒకరోజు నడిదారిలో ట్రెడ్, అంటే రోడ్డుకి తగిలే గీతల పొర, పట్టీలా ఊడి, ఫెండర్‌ని (చక్రం పైన ఉండే కవచం) చీల్చి, పక్కనే ఉన్న వైర్లనో గ్యాస్ పైపునో లాగేస్తుంది. టైరుకయ్యే ఖర్చు దాని ముందు ఏ మూలకూ రాదు.

అందుకని మొదట వయసు చూడండి. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద డీఓటీ అని మొదలయ్యే అక్షరాల వరుస ఉంటుంది, దాని చివరి నాలుగు అంకెలే పుట్టిన తేదీ. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఈ నాలుగు అంకెలు చాలా టైర్లకు ఒకవైపే ఉంటాయి, మన అదృష్టం బాగుంటే బయటివైపు, లేదంటే ట్రైలర్ కిందకి దూరి టార్చి వేసి చూసుకోవాలి. దూరినప్పుడే లోపలి సైడ్‌వాల్ మీద సన్నటి పగుళ్లు ఉన్నాయేమో కూడా చూడండి. వంగలేకపోతే ఫోన్ కెమెరా ఆన్ చేసి చెయ్యి లోపలికి పెట్టి వీడియో తీస్తే సరిపోతుంది. నా లెక్క అయితే అయిదేళ్లు దాటాక అనుమానించాలి, ఆరేళ్లకు మార్చెయ్యాలి, గీతలు ఎంత బాగున్నా సరే. పక్కకి ఉబ్బినా, మధ్యలో బొడిపె లేచినా వయసుతో పనిలేదు, ఆ రోజే తీసేయాలి.

బరువు తెలియకుండా టైరు కొనకండి

చాలామంది పాత టైరు మీది సైజు ఫోటో తీసుకుని షాపుకి వెళ్లి అదే ఇమ్మంటారు. తప్పేం కాదు, కానీ ట్రైలర్‌తో పాటు వచ్చిన టైర్లు చాలాసార్లు బొటాబొటీగా సరిపోయేవే అయి ఉంటాయి. మార్చే అవకాశం ఎలాగూ వచ్చింది కాబట్టి ముందు తూకం వేయించండి, హైవేల మీద లారీలు తూచే కాటా ఉంటుంది కదా, అక్కడికి. ఖాళీ ట్రైలర్ కాదు, మీరు టూర్‌కి వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అలా: బట్టలు, సామాన్లు, గ్యాస్ సిలిండర్లు, నీళ్లు నింపుకుని వెళ్లే అలవాటుంటే నీళ్లు కూడా. 40 గ్యాలన్ల నీళ్లే 330 పౌండ్ల పైన తూగుతాయి.

ఇరుసుల మీద మొత్తం బరువు తెలిస్తే దాన్ని నాలుగుతో భాగించి ఊరుకుంటారు, అక్కడే ఉంది మోసం. ట్రైలర్‌లో కిచెన్, ఫ్రిజ్, బయటికి జరిగే గది అన్నీ ఒకవైపే ఉంటే ఆ వైపు బరువు ఎక్కువ పడుతుంది. కాటా దగ్గరివాళ్లు ఒప్పుకుంటే ఒకవైపు చక్రాలు మాత్రమే ప్లేటు మీద ఉండేలా నిలబెట్టి ఇంకోసారి తూచండి.

లెక్క కోసం ఒక ట్రైలర్ అనుకుందాం, రెండు ఇరుసులు, నాలుగు టైర్లు, చక్రాల మీద మొత్తం 6,100 పౌండ్లు. సగటున టైరుకి 1,525. దానికి 205/75ఆర్14 సైజు, లోడ్ రేంజ్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అక్షరం) సీ టైర్లు ఉన్నాయి, అవి 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఒక్కోటి 1,760 పౌండ్లు మోస్తాయి. ఇంకా 235 మిగిలింది కదా, పర్లేదు అనిపిస్తుంది. విడిగా తూస్తే ఒకవైపు 3,350, రెండోవైపు 2,750 వచ్చాయనుకోండి, బరువు వైపు ఒక్కో టైరు మీద 1,675 పడుతోంది. మిగిలింది 85 పౌండ్లే. రెండు ట్రావెల్ బ్యాగులు, అంతే. అదే సైజులో లోడ్ రేంజ్ డీ తీసుకుంటే 65 పీఎస్ఐ దగ్గర 2,040 మోస్తుంది, అంటే 18 శాతం దాకా మిగులు. కనీసం 15 శాతం మిగులు ఉండాలని నేను చూసుకుంటాను, 20 ఉంటే నిశ్చింత.

సైడ్‌వాల్ మీద ఏముందో చదవడం

ఎస్‌టీ అని మొదలైతే అది ప్రత్యేకంగా ట్రైలర్ కోసం చేసిన టైరు. పీ అంటే కార్లకు, ఎల్‌టీ అంటే చిన్న ట్రక్కులకు. ఎస్‌టీ 225/75ఆర్15 అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం, ఆర్ అంటే రేడియల్, రిమ్ము 15 అంగుళాలు. కారు టైరు ఇంట్లో పడి ఉంది, సైజు కుదిరింది, వేసేద్దామా అంటే వద్దు. దాని సైడ్‌వాల్ మెత్తగా ఉంటుంది, ట్రైలర్‌కి వేస్తే దాని మీద రాసిన లోడును 1.10తో భాగించి తగ్గించుకోవాలి కూడా. రెండు ఇరుసుల ట్రైలర్‌ను ఇరుకు చోట మలుపు తిప్పేటప్పుడు ఒకసారి పక్కన నిలబడి చూడండి, టైర్లు దొర్లకుండా పక్కకి ఈడ్చుకుపోతూ రిమ్ము కింద మెలితిరిగిపోతాయి. గట్టి సైడ్‌వాల్ ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు.

లోడ్ రేంజ్ అక్షరాలు మామూలుగా కనిపించేవి మూడు: సీకి 50 పీఎస్ఐ, డీకి 65, ఈకి 80. 225/75ఆర్15 సైజులో డీ టైరు 2,540 పౌండ్లు, ఈ టైరు 2,830 పౌండ్లు మోస్తాయి. వేగానికి ఇంకో అక్షరం ఉంటుంది, ఎల్ అయితే గంటకు 75 మైళ్లు, ఎమ్ 81, ఎన్ 87. ఏ అక్షరమూ లేని పాత ఎస్‌టీ టైరును 65 మైళ్లకే చేశారని అనుకోవాలి. ఎన్ ఉన్న టైరు వేశాం కదా అని 80లో లాగమని కాదు, వేడి తట్టుకునే మిగులు ఉందని మాత్రమే. లాగేవాళ్లెవరైనా 65 దాటకపోతేనే మంచిదని నా అభిప్రాయం.

సైజు పెంచాలన్న ఆలోచన ఉంటే టేపు పట్టుకుని కొలవండి. ముందు టైరుకీ వెనక టైరుకీ మధ్య, టైరు పైన ఫెండర్‌కీ మధ్య చోటు ఎంతుందో చూసుకోవాలి, గుంతలో పడ్డప్పుడు స్ప్రింగులు అణిగి ఆ చోటు ఇంకా తగ్గుతుంది. నన్నడిగితే సైజు అలాగే ఉంచి లోడ్ రేంజ్ ఒక మెట్టు పెంచుకోవడం తేలిక.

రిమ్ము, వాల్వు

ఇది చాలామంది మర్చిపోయేది, నేనూ మర్చిపోయాను. టైరు 80 పీఎస్ఐ పట్టినంత మాత్రాన రిమ్ము పట్టాలని లేదు. రిమ్ము వెనకవైపు దాని గరిష్ఠ లోడు చెక్కి ఉంటుంది, కొన్నిటికి గరిష్ఠ గాలి కూడా. టైరు విప్పినప్పుడు మట్టి తుడిచి చదవండి, అక్కడ ఏమీ లేకపోతే రిమ్ము తయారీదారు ఇచ్చిన వివరాల్లో వెతకండి. రెండిట్లో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

వాల్వు సంగతి నా అనుభవం చెప్తాను. ఒకసారి ఈ రేంజ్ టైర్లు వేయించాను, షాపువాళ్లు కార్లకు వేసే మామూలు రబ్బరు వాల్వులే పెట్టి పంపారు, నేనూ అడగలేదు. ఇంటికొచ్చి 80 దాకా గాలి కొడితే వాల్వు మొదలు దగ్గర రబ్బరు ఉబ్బి, వేలితో పక్కకి వంచితే సన్నగా సుయ్యిమని శబ్దం. ఆ మామూలు వాల్వులకు 65 పీఎస్ఐ వరకే హద్దు. మళ్లీ నాలుగు టైర్లూ విప్పించి నట్టుతో బిగించే మెటల్ వాల్వులు వేయించాల్సి వచ్చింది, డబ్బు సంగతి సరే, ఒక పూట పోయింది. కాబట్టి కౌంటర్ దగ్గరే మెటల్ వాల్వులు కావాలని చెప్పండి. ప్రెషర్ సెన్సర్లు వాల్వు మీద బిగించేవి వాడుతుంటే ఇంకా తప్పనిసరి, ఆ బరువుకి రబ్బరు వాల్వు ఊగి ఊగి మొదలు దగ్గర తెగుతుంది. కొత్త టైరు బిగించే ముందు దాని తేదీ కూడా చూడండి, గోడౌన్‌లో రెండేళ్లు మగ్గినది మీకు అంటగడితే ఆరేళ్లలో రెండు అప్పుడే పోయినట్టు.

బాలెన్సింగ్ చేయించండి. ట్రైలర్‌లో కూర్చునేవాళ్లు ఎవరూ లేరు కదా అంటారు, కానీ అల్మారాలో గిన్నెలున్నాయి, బేరింగులున్నాయి.

బిగించడం

చక్రం ఇంట్లోనే విప్పేట్టయితే ట్రైలర్‌ని బండికి తగిలించే ఉంచండి, రెండోవైపు చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి, జాకీ ఎత్తకముందే నట్లు కాస్త వదులు చేయండి. జాకీని ఇరుసు గొట్టం కింద పెట్టకండి, అది వంగితే కొత్త టైర్లు ఒకవైపే అరుగుతాయి. ఫ్రేమ్ కింద, మాన్యువల్‌లో చూపించిన చోట పెట్టాలి. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు, రెండు మూడు విడతల్లో బిగించాలి. అర అంగుళం బోల్టులకు మామూలుగా 90 నుంచి 120 ఫుట్ పౌండ్లు, మీ మాన్యువల్‌లో ఎంతుంటే అంత, టార్క్ రెంచ్‌తోనే. చక్రం తీసి పెట్టిన ప్రతిసారీ 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి మళ్లీ బిగించి చూడాలి. విసుగ్గానే ఉంటుంది. కానీ కొత్తగా పెట్టిన రిమ్ము కుదురుకునేటప్పుడు నట్లు నిజంగానే వదులవుతాయి.

గాలి

ట్రైలర్ బయట ఎడమవైపు ముందు భాగంలో ఒక స్టిక్కర్ ఉంటుంది, టైరు సైజు, గాలి ఎంత కొట్టాలో దాని మీద రాసి ఉంటుంది. అది ట్రైలర్‌తో వచ్చిన టైర్లకు వర్తించే లెక్క. అదే టైరు మళ్లీ వేస్తే అంతే కొట్టండి. లోడ్ రేంజ్ పెంచితే మాత్రం ఒక విషయం బుర్రకెక్కాలి: బరువు మోసేది రబ్బరు కాదు, గాలి. సీ తీసేసి డీ వేసి, స్టిక్కర్ మీద 50 ఉంది కదా అని 50 కొడితే ఆ డీ టైరు మోసేది పాత సీ టైరు మోసినంతే, 1,760 పౌండ్లే. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న ఆ మిగులు 65 కొడితేనే వస్తుంది. అందుకే రిమ్ము, వాల్వు తట్టుకుంటాయనుకుంటే నేను సైడ్‌వాల్ మీద రాసినంత నిండుగా కొడతాను. ట్రైలర్ కాస్త గట్టిగా ఎగురుతుంది, ఎగరనీ. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకీ అణిగి లేస్తూ లోపల వేడెక్కుతుంది, ట్రైలర్ టైర్లు పేలడానికి నేను చూసిన వాటిలో ముందు వరసలో ఉండే కారణం ఇదే.

ఆ అంకె చల్లటి టైరుకి. చల్లటి అంటే ఫ్రిజ్‌లో పెట్టినట్టు కాదు, కనీసం మూడు గంటలు కదలకుండా, ఎండ తగలకుండా ఉన్న టైరు. అంటే తెల్లారి సూర్యుడు పైకి రాకముందే ఈ పని అయిపోవాలి, ఎండ పడ్డవైపు టైర్లు అప్పటికే రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తాయి. పొద్దున 10 డిగ్రీల చలిలో 65 కొడితే, మధ్యాహ్నం 30 డిగ్రీలకి నిలబడి ఉన్న టైరే 70 చూపిస్తుంది, హైవే మీద పరిగెత్తితే ఇంకా పైకి. గరిష్ఠం దాటిపోయిందని కంగారుపడి వేడి మీద గాలి తీయకండి. ఆ పెరుగుదలకు తగ్గట్టే టైరు చేస్తారు. తీశారంటే మర్నాడు పొద్దున 58తో బయల్దేరతారు.

పెట్రోల్ బంకుల్లోని గాలి మెషీన్లు చాలావాటికి 80 ఎక్కే ఓపిక ఉండదు, పైగా అక్కడికి చేరేసరికి టైరు వేడెక్కి ఉంటుంది. 100 పీఎస్ఐ దాటగలిగే చిన్న కంప్రెసర్ ఒకటి, మంచి గేజ్ ఒకటి వెంట పెట్టుకోండి. ఎప్పుడూ అదే గేజ్ వాడండి, రెండు గేజ్‌లు పెడితే రెండు రకాలుగా చెప్పి అనవసరమైన టెన్షన్ పెడతాయి. కాలితో తన్ని చూడటం లెక్కలోకి రాదు, 65 ఉన్న టైరూ 45 ఉన్న టైరూ తంతే ఒకలాగే ఉంటాయి.

దారిలో ఆగినప్పుడల్లా నాలుగు టైర్ల దగ్గరా, హబ్‌ల (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) దగ్గరా అరచేయి వెనకవైపు చూపించి వేడి పోల్చుకోండి, ముందు దూరం నుంచి, తర్వాత దగ్గరగా. ఒక్కటే మిగతా మూడింటికంటే బాగా వేడిగా ఉంటే గాలి దిగుతోందని అనుమానం, హబ్ కూడా కాలిపోతుంటే బ్రేకో బేరింగో పట్టేసిందని. ప్రెషర్ సెన్సర్లు పెట్టించుకుంటే ఇంకా మంచిది. ట్రైలర్ పొడవైతే సెన్సర్ల సిగ్నల్ అందడానికి రిపీటర్ (సిగ్నల్‌ని అందుకుని ముందుకి పంపే పెట్టె) కూడా తీసుకోండి. రెండు ఇరుసుల ట్రైలర్‌లో ఒక టైరు పూర్తిగా దిగిపోయినా బండి నడిపేవాడికి తెలియదు, పక్కనున్న టైరు రెండింతల బరువు మోస్తూ తనూ పోతుంది. అందుకే ఒకటి పేలాక దాని పక్కదాన్ని బాగుందిలే అని నమ్మకండి, విప్పించి లోపల చూపించండి.

స్టెప్నీ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. నాలుగు టైర్లూ డీకి మార్చి వెనక వేలాడే సీ టైరును అలాగే వదిలేస్తే, అవసరం పడ్డ రోజున అదే బలహీనమైన టైరు బరువు వైపుకి ఎక్కుతుంది. దాన్నీ మార్చండి, దానికీ మెటల్ వాల్వు వేయించండి, నెలకోసారి గాలి చూసేటప్పుడు కవర్ విప్పి అయిదోది కూడా చూడండి.