మిర్చి సీజన్ రాకముందే మెయిల్ సర్వర్‌కి చేసుకోవాల్సిన పనులు

సంక్రాంతి దాటిందంటే గుంటూరు యార్డుకి కొత్త కాయ దిగడం ఊపందుకుంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎగుమతి ఆఫీసుల్లో ఎవరికీ తలెత్తే తీరిక ఉండదు. ప్రొఫార్మా, ఇన్‌వాయిస్, బీఎల్ (ఓడ సరుకు రసీదు) కాపీ, ల్యాబ్ రిపోర్టు, బ్యాంకు వివరాలు అన్నీ మెయిల్లోనే తిరుగుతాయి. ఒక కంటైనర్ సరుకు డబ్బు ఎక్కడికి చేరుతుందన్నది ఒక మెయిల్లో ఉన్న అకౌంట్ నంబర్ని బట్టి ఉంటుంది. ఈ సంగతి మోసగాళ్లకీ తెలుసు. అందుకే నేను చూసుకునే ఆఫీసుల సర్వర్ పని దసరా అవగానే మొదలుపెట్టి డిసెంబరు ఆఖరుకల్లా ముగించేస్తాను. జనవరి 15 దాటాక పెద్ద మార్పు ఏదీ చెయ్యను. కోల్డ్ స్టోరేజీ అయినా, ఎగుమతి ఆఫీసు అయినా, కమీషన్ కొట్టు అయినా సొంత డొమైన్‌తో సొంత మెయిల్ సర్వర్ నడుపుతుంటే ఈ పనులు మీకూ తప్పవు.

ముందు మా దగ్గర జరిగింది చెప్తాను. ఒక మార్చి నెలలో రాత్రి పదకొండింటికి ఒక ఏసీ (కోల్డ్ స్టోరేజీ) ఆఫీసు గుమాస్తా ఫోన్ చేశాడు. "సార్, పొద్దుటి నుంచి మెయిల్ ఒక్కటీ పోవట్లేదండీ. అవతల పార్టీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు" అన్నాడు. సర్వర్లోకి వెళ్లి క్యూ, అంటే బయటికి పోవాల్సిన మెయిళ్ల వరస, తెరిస్తే స్క్రీన్ మీద వరసలు ఆగకుండా దొర్లుతున్నాయి. అన్నీ అకౌంట్స్ మెయిల్‌బాక్స్ నుంచి బయల్దేరినవే. వెళ్తున్న అడ్రసుల్లో ఒక్కటీ మనకి తెలిసింది కాదు. ఆ మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్ ఆఫీసు పేరు, దాని పక్కన 123. ఎవడో ఊహించి లాగిన్ అయ్యాడు, మన సర్వర్ నుంచి మన పేరు మీదే చెత్తంతా పంపాడు. తెల్లారేసరికి మా ఐపీ, అంటే నెట్‌లో మా సర్వర్ అడ్రస్, స్పామ్ పంపేవాళ్ల బ్లాక్‌లిస్టులోకి ఎక్కింది. బయటపడటానికి మూడు రోజులు పట్టింది. అన్ని రోజులూ షావుకారు గారి సొంత జీమెయిల్ నుంచి డాక్యుమెంట్లు పంపాల్సి వచ్చింది. గుమాస్తా తల ఎత్తలేకపోయాడు గానీ తప్పు అతనిది కాదు. గంటకి ఇన్ని మెయిళ్లే పోవాలని సర్వర్లో హద్దు పెట్టకపోవడం నా తప్పు.

కాబట్టి మొదటి పని అదే. ఒక్కో మెయిల్‌బాక్స్ గంటకి ఎన్ని మెయిళ్లు పంపొచ్చో హద్దు పెట్టండి. మామూలుగా రోజుకి యాభై మెయిళ్లు పంపే గుమాస్తాకి గంటకి వంద చాలు. హద్దు దాటితే మీ ఫోన్‌కి కబురు రావాలి. పాస్‌వర్డులన్నీ మార్పించండి. వరసగా తప్పు పాస్‌వర్డ్ కొట్టే ఐపీలని ఫెయిల్‌టుబ్యాన్ లాంటి ప్రోగ్రాం పెట్టి ఆపండి. మనవాళ్లు మెయిల్ పంపేది 587 లేదా 465 పోర్టులోనే (పోర్టు అంటే సర్వర్‌కి ఉండే తలుపు నంబరు), అదీ లాగిన్ అయ్యాకే జరగాలి. 25వ పోర్టు సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మాత్రమే. లాగిన్ లేకుండా బయటివాడి మెయిల్‌ని ఇంకో బయటివాడికి చేరవేసే సర్వర్‌ని ఓపెన్ రిలే అంటారు. మీది అలా ఉందేమో బయటి కనెక్షన్ నుంచి పరీక్షించి చూడండి.

ఇంకొకటి చాలామంది చూడరు. మెయిల్‌బాక్సుల్లో ఉన్న ఫిల్టర్ రూల్స్, ఆటో ఫార్వర్డులు అన్నీ ఒకసారి తెరిచి చదవండి. లోపలికి దూరినవాడు వెంటనే ఏమీ చెయ్యడు. 'ఇన్‌వాయిస్' అన్న మాట ఉన్న ప్రతి మెయిల్ కాపీ తనకి వచ్చేలా ఒక రూల్ రాసి, నెలల తరబడి చదువుతూ కూర్చుంటాడు. సరిగ్గా డబ్బు కదిలే రోజున దిగుతాడు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ రూల్ పోదు.

ఇక పేరు రుజువు చేసుకునే పని. మెయిల్ పంపే పద్ధతి, అంటే ఎస్ఎమ్‌టీపీ, 1982లో రాసింది. పంపినవాడు నిజంగా వాడేనా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. కవరు మీద ఫ్రమ్ అడ్రస్ ఎవరిదైనా రాయొచ్చు కదా, ఇదీ అంతే. ఆ లోటు తీర్చడానికి తర్వాత వచ్చినవే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. మా షావుకార్లకి నేను యార్డు భాషలోనే చెప్తాను. ఎస్‌పీఎఫ్ అంటే గేటు దగ్గర లారీ నంబర్ చూడటం. డీకిమ్ అంటే టిక్కీ (మిర్చి బస్తా) మూతి కుట్టి వేసిన సీలు. ఆ లారీ, ఆ సీలు నిజంగా టిక్కీ మీద పేరున్న కొట్టువేనా, కాకపోతే ఏం చెయ్యాలి అని చెప్పేది డీమార్క్.

ఎస్‌పీఎఫ్ రాసే ముందు కాగితం తీసుకుని, మీ డొమైన్ పేరు మీద మెయిల్ పంపేవన్నీ రాయండి. మెయిల్ సర్వర్ ఒక్కటే అనుకుంటారు. వెబ్‌సైట్లో ఎంక్వైరీ ఫారం పంపుతుంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పంపుతుంది, రోజూ రేట్లు పంపడానికి తీసుకున్న సర్వీస్ పంపుతుంది. అవన్నీ డీఎన్ఎస్‌లో, అంటే మీ డొమైన్ వివరాలు అందరికీ చూపే చోట, ఒకే రికార్డులో ఉండాలి. రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు పెడితే రెండూ చెల్లవు. ఒక రికార్డులో డీఎన్ఎస్ వెతుకులాట పదికి మించినా చెల్లదు. ఎవరో చెప్పారని ఇన్‌క్లూడ్ (ఇంకొకరి జాబితాని కలుపుకోమనే మాట) మీద ఇన్‌క్లూడ్ పేర్చుకుంటూ పోతే పది ఇట్టే దాటుతుంది.

డీకిమ్ కీ 2048 బిట్లు ఉండాలి. ఆ కీ పొడుగ్గా ఉంటుంది, డీఎన్ఎస్‌లో ఒక ముక్క 255 అక్షరాలు దాటకూడదు. ముక్కలు చేసి అతికించేటప్పుడు మధ్యలో ఖాళీ పడి చెడిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో! డీకిమ్ సంతకం, అంటే ఆ సీలు, అన్నిటికన్నా ఆఖర్న పడాలి. సంతకం అయ్యాక ఇంకో ప్రోగ్రాం వచ్చి కింద డిస్‌క్లెయిమర్ తగిలిస్తే సీలు తెగినట్టే. ఈ సీలు విలువ ఫార్వర్డ్‌లో తెలుస్తుంది. మీ మెయిల్‌ని అవతలి షావుకారు వాళ్ల అబ్బాయి జీమెయిల్‌కి ఆటో ఫార్వర్డ్ పెట్టుకున్నాడనుకోండి. లారీ మారింది కాబట్టి అక్కడ ఎస్‌పీఎఫ్ తప్పుతుంది. లోపల మార్పు లేకపోతే డీకిమ్ సీలు మాత్రం అలాగే ఉంటుంది. డీమార్క్‌కి ఈ రెండిట్లో ఒకటి సరిగ్గా ఉండి, ఫ్రమ్‌లో కనిపించే డొమైన్‌తో కలిస్తే చాలు.

డీమార్క్‌కి మాత్రం రోజులు కావాలి, సీజన్ ముందే మొదలుపెట్టమని గట్టిగా చెప్పేది దీనికోసమే. మొదట పాలసీ 'నన్' (దేన్నీ ఆపొద్దు) అని పెట్టి, రిపోర్టులు వచ్చే మెయిల్ అడ్రస్ ఇవ్వండి. జీమెయిల్ లాంటి పెద్ద సర్వీసులు రోజుకొకసారి జిప్ ఫైల్ పంపుతాయి. మీ పేరు మీద ఏ ఐపీ నుంచి ఎన్ని మెయిళ్లు వచ్చాయి, ఏవి పాస్, ఏవి ఫెయిల్ అన్నది అందులో ఉంటుంది. మూడు నాలుగు వారాలు ఆ రిపోర్టులు ఓపిగ్గా చదవండి. ఒక ఆఫీసు రిపోర్టులో నాకు రెండు తెలియని ఐపీలు కనిపించాయి. ఒకటి వెతికితే వాళ్ల వెబ్‌సైట్ హోస్టింగ్‌దే, ఎంక్వైరీ ఫారం మెయిళ్లు అక్కడి నుంచి పోతున్నాయి. కాగితం మీద రాయడం మర్చిపోయాం. రెండోది ఏ ఊరిదో తెలియదు, ఎస్‌పీఎఫ్ ఫెయిల్, డీకిమ్ ఫెయిల్. మన పేరు పెట్టుకుని ఎవడో రాస్తున్నాడు. మొదటిదాన్ని సరిచేశాక 'క్వారంటైన్' (జంక్‌లో వెయ్యి)కి, ఇంకో రెండు వారాలు చూసి 'రిజెక్ట్' (తిప్పికొట్టు)కి వెళ్లాం. చదవకుండా ఒకేసారి రిజెక్ట్ పెట్టేసి ఉంటే కొత్త బేరాల ఎంక్వైరీలన్నీ పోయేవి. అలాగని 'నన్' దగ్గరే ఏళ్ల తరబడి వదిలేస్తే ఆ రెండోవాడు ఆగడు. మెయిల్ పంపని ఖాళీ డొమైన్లు మీ పేరు మీద ఉంటే, వాటికి ఈరోజే ఎస్‌పీఎఫ్ 'మైనస్ ఆల్' (ఎవరూ పంపకూడదు) అని, డీమార్క్ 'రిజెక్ట్' అని పెట్టెయ్యండి.

రోజూ పొద్దున్నే రేట్లు పంపే ఆఫీసులు ఇంకో మాట వినాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. ఒక రోజులో జీమెయిల్ అడ్రసులకి దాదాపు 5000 మెయిళ్లు పంపిన డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి. ప్రచారం మెయిళ్లలో ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే వీలు ఉండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. ఆ 5000 ఒక్కసారి దాటినా గూగుల్ లెక్కలో మీరు ఎప్పటికీ బల్క్ సెండరే. 2025 మే నుంచి మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్ కూడా 5000 దాటేవాళ్లకి మూడూ ఉండాలంటోంది. నా మాట వింటే రేట్ల మెయిళ్లని ఇన్‌వాయిస్‌లు పంపే ఐపీ నుంచి కాకుండా వేరే సబ్‌డొమైన్, వేరే ఐపీ నుంచి పంపండి. రేట్లు వద్దనుకున్నవాడు స్పామ్ నొక్కితే ఆ దెబ్బ ఇన్‌వాయిస్‌కి తగలకూడదు. కొత్త ఐపీ తీసుకుంటే మొదటిరోజే వేలల్లో పంపకండి, కొద్దికొద్దిగా పెంచండి.

ఆఫీసులో ఉన్న మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీద సర్వర్ పెట్టి నేరుగా బయటికి పంపడం మానుకోండి. అలాంటి ఐపీలు చాలావరకు స్పామ్‌హాస్ సంస్థ పీబీఎల్ (నేరుగా మెయిల్ పంపకూడని ఐపీల) జాబితాలో ముందే ఉంటాయి. స్టాటిక్ ఐపీ ఉన్నా దానికి రివర్స్ డీఎన్ఎస్ (ఆ ఐపీ ఏ పేరుదో చెప్పే రికార్డు) ఉండాలి. అది మీ డొమైన్ ప్యానెల్లో రాసుకుంటే కుదరదు, ఐపీ ఇచ్చినవాళ్లే రాయాలి. లెటర్‌హెడ్ మీద అర్జీ అడుగుతారు, రోజులు పడుతుంది. నవంబరులోనే పెట్టుకోండి.

లోపలికి వచ్చే స్పామ్ దగ్గర నేను కొంచెం మెతకగా ఉంటాను, కారణం చెప్తాను. కొత్త దేశం నుంచి, ఎప్పుడూ చూడని అడ్రస్ నుంచి, వంకర ఇంగ్లీషులో 'తేజ రకం రేటు ఎంత' అని వచ్చే మెయిల్ స్పామ్‌లాగే కనిపిస్తుంది. అది నిజమైన బేరం కావచ్చు. అందుకే స్పామ్ వడపోసే ఆర్‌స్పామ్‌డీ ప్రోగ్రాంలో స్కోరు మధ్యస్తంగా ఉన్నవాటిని తిప్పికొట్టకుండా జంక్ ఫోల్డర్లో వేయిస్తాను. పొద్దునా సాయంత్రం ఆ ఫోల్డర్ చూడమని గుమాస్తాకి చెప్తాను. గ్రేలిస్టింగ్, అంటే కొత్తవాళ్ల మెయిల్‌ని మొదటిసారి ఆపి కాసేపాగి మళ్లీ రమ్మనడం, సీజన్లో తీసేస్తాను. అర్జెంటు కొటేషన్ అరగంట ఆలస్యమైతే బేరం పక్క కొట్టుకి పోతుంది. కొన్నిటిలో మాత్రం మెతకదనం లేదు. బయటి సర్వర్ నుంచి మన సొంత డొమైన్ పేరుతో రుజువు లేకుండా వచ్చిన మెయిల్, ఈఎక్స్ఈ, ఐఎస్ఓ అటాచ్‌మెంట్లు, మన దగ్గర లేని మెయిల్‌బాక్స్‌కి వచ్చినవి వాకిట్లోనే తిప్పికొట్టాలి. లోపలికి తీసుకున్నాక బౌన్స్ (మెయిల్ చేరలేదన్న జవాబు) పంపితే, ఆ బౌన్స్ ఏ పాపం తెలియనివాడికి పోతుంది. స్పామ్‌హాస్ జాబితా వాడేవాళ్లు గూగుల్ 8.8.8.8 లాంటి పబ్లిక్ డీఎన్ఎస్ ద్వారా అడిగితే సరైన జవాబు రాదు. సర్వర్ మీదే అన్‌బౌండ్ లాంటి సొంత రిజాల్వర్ (డీఎన్ఎస్ జవాబులు వెతికి తెచ్చే ప్రోగ్రాం) పెట్టుకోండి.

ఇవన్నీ చేసినా ఆగని మోసం ఒకటుంది. డొమైన్ పేరులో 'ఎమ్' ఉన్నచోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెట్టి కొత్త డొమైన్ కొంటారు. దానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అన్నీ వాళ్లే చక్కగా పెట్టుకుంటారు, అన్నీ పాస్ అవుతాయి. ఫోన్లో చిన్న అక్షరాల్లో చూస్తే తేడా దొరకదు. దీనికి సర్వర్లో మందు లేదు. మొదటి ప్రొఫార్మా నుంచే ప్రతి కాగితం కింద ఒక వాక్యం వేయించండి: మా బ్యాంకు అకౌంట్ మారదు, మారిందని మెయిల్ వస్తే మా పాత నంబర్‌కి ఫోన్ చేసి అడగండి. మీకు అలాంటి మెయిల్ వచ్చినా అంతే. ఆ మెయిల్లో ఉన్న నంబర్‌కి కాదు, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబర్‌కే చెయ్యండి.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, మీ బ్యాంకుకీ చెప్పాలి. పంపింది విదేశీ పార్టీ అయితే వాళ్ల బ్యాంకుని వాళ్లు వెంటనే పట్టుకోవాలి. సర్వర్‌లోకి ఎవరైనా దూరితే తెలిసిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలని, లాగులు (జరిగినవన్నీ సర్వర్ రాసుకునే చిట్టా) 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్ ఆదేశాల్లో ఉంది. లాగులు వారానికే చెరిగిపోయేలా ఉంటే ఇప్పుడే మార్చండి. సర్టిఫికెట్ గడువు, డిస్క్‌లో ఖాళీ, బ్యాకప్ కూడా అదే రోజు చూసెయ్యండి.

డిసెంబరు ఆఖరి వారంలో ఒక్కో ఆఫీసుకి వెళ్లి గుమాస్తా పక్కన కూర్చుంటాను. వాళ్ల సర్వర్ నుంచి అతని జీమెయిల్‌కి ఒక మెయిల్ పంపించి, కంప్యూటర్లో మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' తెరిపిస్తాను. ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్ అని మూడు వరసలు కనపడాలి. ఆ పేజీ ప్రింట్ తీయించి, దాని కింద 1930, బ్యాంకు మేనేజర్ గారి నంబరు, నా నంబరు స్కెచ్ పెన్నుతో పెద్దగా రాయించి కొత్త క్యాలెండర్ పక్కన అంటింపజేస్తాను. ఆ రాత్రి ఫోన్ చేసిన గుమాస్తా వాళ్ల ఆఫీసులో మాత్రం నేను వెళ్లేసరికే అది గోడ మీద ఉంటుంది.