ఉన్న ఇంటి మీద అంతస్తు, పెరట్లో అదనపు గది: తెలంగాణ పట్టణాల్లో అనుమతికి దరఖాస్తు విధానం

పాత ఇంటి మీద అంతస్తు వేయాలనుకున్నవాళ్లు చాలామంది ముందు మేస్త్రీతో మాట్లాడతారు, తర్వాత డబ్బు సర్దుకుంటారు. పర్మిషన్ సంగతి సెంట్రింగ్ సామాను దిగాక గుర్తొస్తుంది. అప్పటికి పక్కింటివాళ్ల ఫిర్యాదు, టౌన్ ప్లానింగ్ నోటీసు, టెన్షన్ అన్నీ కలిసి వస్తాయి. చిన్న ఇళ్లకు అనుమతి ఇప్పుడు ఆన్‌లైన్‌లో త్వరగానే దొరుకుతుంది కాబట్టి ఇంత దూరం తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. అయితే దరఖాస్తు పెట్టే ముందు ఇంటి దగ్గర చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

2020లో భవన అనుమతుల కోసం వచ్చిన బీపాస్ చట్టం స్థలం, ఎత్తును బట్టి ఇళ్లను మూడు రకాలుగా చూస్తుంది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకునే ఇంటికి ప్లాన్ మంజూరు అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. పెద్ద ప్లాటును ముక్కలు చేసి 75 గజాలుగా చూపిస్తే మాత్రం ఈ సదుపాయం వర్తించదు. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు ఉంటే స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. గ్రౌండ్ మీద రెండంతస్తులు వేసుకునే మామూలు ఇళ్లు ఎక్కువగా ఇందులోకే వస్తాయి. అంతకు మించితే సింగిల్ విండో పద్ధతిలో 21 రోజుల్లో తేల్చాలి.

స్వీయ ధ్రువీకరణ అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే అనుమతి పత్రం వచ్చిందంటే అధికారులు ఇంకా ఎవరూ మీ ఇంటికి రాలేదు, మీరు రాసిచ్చింది నమ్మి ఇచ్చారు. తనిఖీ ఆ తర్వాత జరుగుతుంది. కొలతలు తప్పని తేలితే అనుమతి రద్దు చేయవచ్చు, ప్లాన్‌కు విరుద్ధంగా కట్టిన భాగాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా చట్టంలో ఉంది. సంతకం యజమానిది కాబట్టి బాధ్యతా యజమానిదే. ప్లాన్ గీసినాయన మీద తోసేద్దామంటే కుదరదు.

అందుకే మొదటి పని టేపు పట్టుకుని ఇంటి చుట్టూ కొలవడం. 2012 నాటి భవన నిబంధనల ఉత్తర్వు జీవో 168లో ఏ స్థలానికి ఎంత ఖాళీ వదలాలో పట్టిక ఉంది. ఉదాహరణకు 150 గజాల ప్లాటు, అంటే సుమారు 125 చదరపు మీటర్లు. ఇంటి ముందు రోడ్డు 12 మీటర్ల లోపుదైతే ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. పాత ఇళ్లలో ఒక వైపు గోడ ప్రహరీకి ఆనుకుని ఉంటుంది, మెట్లు పక్క ఖాళీలో ఉంటాయి, వెనక మూల బాత్రూము ఉంటుంది. ఇవన్నీ సెట్‌బ్యాక్‌లో, అంటే వదలాల్సిన ఖాళీలో, ఉన్నట్టే లెక్క. కాగితం మీద మీటరు చూపించి నేల మీద అడుగే ఉంటే తనిఖీలో దొరికిపోతారు.

అంతస్తు వేసేవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. సెట్‌బ్యాక్ స్థలాన్ని బట్టే కాదు, ఎత్తును బట్టి కూడా మారుతుంది. 200 నుంచి 300 చదరపు మీటర్ల స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు పక్కల మీటరు సరిపోతుంది, 10 మీటర్లకు వెళితే మీటరున్నర కావాలి. కింది ఇల్లు ఒకప్పుడు నిబంధన ప్రకారమే కట్టినా, రెండో అంతస్తు వేసేసరికి ఆ ఖాళీ చాలకపోవచ్చు. ఇంటి పక్కనుంచి కరెంటు తీగలు వెళుతుంటే అదీ కొలవండి. హైటెన్షన్ లైనుకు 3 మీటర్లు, మామూలు లైనుకు మీటరున్నర దూరం ఉండాలి.

పెరట్లో రేకుల షెడ్డుకు పర్మిషన్ ఎందుకు అని అడిగేవాళ్లు ఎక్కువ. హైదరాబాద్‌కు వర్తించే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో భవనం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ఔట్‌హౌస్, గోదాము, షెడ్డు, గుడిసె ఉన్నాయి. ఇటుకతో కట్టినా, కర్రతో కట్టినా, రేకులతో వేసినా తేడా లేదు. డాబా మీద వేసే గది, కారు కోసం సెట్‌బ్యాక్ మీద వేసే కప్పు కూడా నిర్మాణాలే. రంగులు, టైల్స్, ప్లాస్టరింగ్, తలుపులు మార్చడం లాంటి పనులకు ప్లాన్ అవసరం పడదు.

కొలతలు సరిపోయాక కాగితాలు. సేల్ డీడ్, అంతకుముందు చేతులు మారిన లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ, అనుమతి లేని లేఔట్‌లో ప్లాటైతే దాన్ని క్రమబద్ధీకరించిన ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్స్, ఇంటి పన్ను రసీదు, వీటన్నిటికంటే ముఖ్యంగా పాత మంజూరు ప్లాన్. అది దొరక్కపోతే మున్సిపాలిటీలో పాత ఫైలు నంబరుతో కాపీకి దరఖాస్తు పెట్టుకోవాలి. అసలు అనుమతే లేకుండా కట్టిన ఇల్లయితే పై అంతస్తుకు మాత్రమే అనుమతి అడగడం కష్టం. కిందిది ఏ లెక్కన నిలబడిందన్న ప్రశ్న ముందు వస్తుంది. 2007 డిసెంబరు 15కు ముందు కట్టిన ఇళ్లకు అప్పట్లో బీపీఎస్ అనే పథకం కింద క్రమబద్ధీకరణ చేశారు. ఆ పత్రం ఇంట్లో ఎక్కడైనా ఉందేమో బీరువా అంతా వెతకండి, ఇప్పుడు అది చాలా విలువైన కాగితం.

లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టు లేదా ఇంజనీరు చేత ప్లాన్ గీయించాలి. ఉన్న కట్టడాన్ని, కొత్తగా కలిపే భాగాన్ని అందులో విడివిడిగా చూపించాలి. దరఖాస్తు కొత్త నిర్మాణం కింద వెళ్లకూడదు, అదనపు నిర్మాణం కింద వెళ్లాలి. పాత పిల్లర్లు, పునాదిలోని ఫుటింగ్‌లు కొత్త బరువు మోస్తాయా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి ధ్రువీకరించాలి. ఆయన ఇంటికి రాకుండా సంతకం పెడతానంటే ఒప్పుకోవద్దు. ఆ కప్పు కింద పడుకునేది మీ పిల్లలు.

దరఖాస్తు ఇన్నాళ్లూ బీపాస్ వెబ్‌సైట్‌లో ఉండేది, 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చింది. మీ మున్సిపాలిటీలో ఏది నడుస్తోందో టౌన్ ప్లానింగ్ విభాగంలో కనుక్కుని మొదలుపెట్టండి. ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టాలి. నిర్మాణ ఖర్చు 10 లక్షలు దాటితే అందులో ఒక శాతం కార్మిక సెస్సు కూడా ఉండేది, 2025 నవంబరులో కొత్త కార్మిక చట్టం అమల్లోకి వచ్చాక సొంతంగా ఉండే ఇంటికి ఆ పరిమితి 50 లక్షలైంది. స్థలం 200 చదరపు మీటర్లు దాటితే నిర్మాణంలో పది శాతం భాగాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి, పని ప్లాన్ ప్రకారం పూర్తయి, ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక విడిపిస్తారు.

పని పూర్తయ్యాక కొత్త భాగాన్ని ఇంటి పన్నులో చేర్పించుకోవాలి. ఇక్కడే ఒక అపోహ బలంగా ఉంది. అనుమతి లేని అంతస్తుకు కూడా మున్సిపాలిటీ పన్ను వేస్తుంది, దాని మీద 25 నుంచి 100 శాతం దాకా జరిమానా కలుపుతుంది. రసీదు చేతికొచ్చింది కదా, ఇక ఆ అంతస్తు సక్రమమైపోయినట్టే అని నమ్మి అమ్మకానికో లోనుకో వెళ్లినవాళ్లు అక్కడ ఆగిపోతున్నారు. పన్ను కట్టినంత మాత్రాన ఆ కట్టడానికి హక్కు రాదు.