చలి పోకముందే బీర, కాకర గింజలు పెడుతున్నారా?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, కొన్నేండ్లు నల్లగొండ, పాలమూరు పెరళ్లల్లో ఆ తర్వాత కూడా తెల్లారగట్ల చలి వదలదు. గింజ పెట్టేముందు ఇవి చూసుకోండి.

- పొద్దున్నే మట్టిలో వేలు రెండు కణుపులు గుచ్చండి. చల్లగా తగిలితే వారం ఆగండి. మట్టి 20 డిగ్రీలకు తగ్గితే కాకర సరిగ్గా మొలవదు, తడికి కుళ్లుతుంది.
- కాకర గింజ పెంకు మందం. గోళ్ల కత్తెరతో అంచు కొద్దిగా తుంచి, లోపలి పప్పుకు తగలకుండా, రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. బీరకు నానబెడితే చాలు.
- లోతు 2 సెంటీమీటర్లే.
- నీళ్లు ఎండెక్కాకే. ట్యాంకు నీళ్లు రాత్రికి చల్లబడతాయి, అప్పుడే తోడిన బోరు నీళ్లు నయం. సాయంత్రం పోస్తే రాత్రంతా తడి నిలిచి మొలక మొదలు మెత్తబడి వాలిపోతుంది. నల్లరేగడిలో ఇది మరీ ఎక్కువ.
- చలికి మొలక మీద అడుగు కోసిన ప్లాస్టిక్ సీసా బోర్లిస్తే మూత తీసే ఉంచండి. పొద్దున పది గంటలకు ఎత్తేయండి, మరిస్తే మొలక లోపలే ఉడుకుతుంది.