పాలెంబాంగ్ వెళ్లే బి-29 ఎక్కే ముందు

1944 ఆగస్టు 10 సాయంత్రం. సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, ట్రింకోమలీ పక్కన చైనా బే రన్‌వే. జపాన్ చేతిలో ఉన్న సుమత్రా దీవిలోని పాలెంబాంగ్ చమురు శుద్ధి కర్మాగారం మీదకు బయలుదేరుతున్న అమెరికా బి-29 బాంబర్‌లో పదకొండో మనిషి మీరే అనుకోండి. కింద రాసిన జాగ్రత్తలన్నీ ఆ మనిషికే. ఇప్పుడు ఎవరికి కావాలి ఇవన్నీ అంటే, నిజమే, ఎవరికీ అక్కర్లేదు. కానీ ఆ దాడుల గురించి చదివేటప్పుడు మనం జపాన్ ఫైటర్ల కోసం, కింది నుంచి పేలే ఫిరంగుల కోసం టెన్షన్ పడుతూ ఉంటాం. లోపల కూర్చున్నవాళ్ల భయాల వరుస వేరే. మొదట బరువు, తర్వాత వేడి, ఆ తర్వాత పెట్రోలు, మబ్బు. శత్రువు వంతు వాటన్నిటి తర్వాతే.

నమ్మకం కుదరకపోతే రెండు నెలలు వెనక్కి వెళ్లండి. జూన్ 5న బి-29లు మొదటిసారి యుద్ధానికి దిగి బ్యాంకాక్ రైల్వే వర్క్‌షాపుల మీదకు వెళ్లాయి. 98 విమానాలు లేస్తే ఐదు పోయాయి. శత్రువు కాల్పులకు పోయింది వాటిలో ఒక్కటి కూడా లేదు.

ఆ రోజు అవి లేచింది ఖరగ్‌పూర్ చుట్టుపక్కల ఎయిర్‌ఫీల్డ్‌ల నుంచి. ఖరగ్‌పూర్ మనవాళ్లకు కొత్త ఊరేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికని ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు బోలెడు. ఈ బాంబర్ల కమాండ్ ఆఫీసు నడిచింది హిజ్లీలో, అంతకుముందు స్వాతంత్ర్య పోరాటవాదులను నిర్బంధించిన భవనంలో. యుద్ధం ముగిశాక 1951లో ఐఐటీ మొదలైందీ అక్కడే. అందులో చదివి వచ్చిన తెలుగు పిల్లల్లో చాలామందికి ఆ గోడల మధ్య పాలెంబాంగ్ మ్యాపులు పరిచారని తెలియదు.

ఇంజిన్ దగ్గర

ఎక్కే ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పండి. ఇది ఆనవాయితీ కోసం చేసే పని కాదు. ఒక్కో ఇంజిన్‌లో 18 సిలిండర్లు గుండ్రంగా రెండు వరుసల్లో ఉంటాయి. విమానం ఆగి ఉన్నంతసేపూ ఇంజిన్ ఆయిల్ కింది సిలిండర్లలోకి జారుతూనే ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే, ఆయిల్ ఎంత నొక్కినా కుదించుకోదు కాబట్టి లోపల పిస్టన్‌ని తోసే కడ్డీ వంగుతుంది. అది ఇక్కడే విరిగితే అదృష్టం. సముద్రం మధ్యలో విరిగితేనే తంటా. అందుకే మనుషులు వరుసకట్టి, ఒకరు రెక్కను తోసి పక్కకు తప్పుకోగానే ఇంకొకరు తర్వాతి రెక్కను అందుకోవాలి. ప్రొపెల్లర్ అడ్డకొలత 16 అడుగుల పైమాటే. ఎక్కడైనా బిగుసుకున్నట్టు తగిలితే మాత్రం బలం చూపించకండి. మెకానిక్‌ని పిలిచి కింది సిలిండర్ స్పార్క్ ప్లగ్ ఊడదీయించి, ఆయిల్ కారిపోయేదాకా ఆగండి.

నేల మీద ఇంజిన్ తిరిగే సమయాన్ని నిమిషాల్లో లెక్కపెట్టుకోవాలి. 2,200 హార్స్‌పవర్ ఇంజిన్ అది, చల్లబడాలంటే ఎదురుగాలి కావాలి. నిలబడ్డ విమానానికి ఎదురుగాలి ఎక్కడిది? వెనక వరుస సిలిండర్లకు ముందు వరుసను దాటి వచ్చిన వేడిగాలే దిక్కు. బెంగాల్ ఎండలో విమానం రేకు మీద చెయ్యి ఆనిస్తే బొబ్బ లేచేది. మెకానిక్కులు నడిమధ్యాహ్నం పని వదిలేసి తెల్లవారుజామున, రాత్రిపూట చేసుకునేవారు. చైనా బేలో సముద్రపు గాలి ఉంది కదా అని ధీమా పడొద్దు. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరకు ఎంత తొందరగా పోతుందో ఒకసారి చూస్తే చాలు, మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంజిన్ చుట్టూ చిన్న చిన్న రేకు తలుపులుంటాయి. వాటిని కౌల్ ఫ్లాప్‌లంటారు. బార్లా తెరిస్తే ఇంజిన్ చల్లబడుతుంది, కానీ అవే గాలికి అడ్డం తగిలి విమానాన్ని పట్టి లాగుతాయి. మూస్తే వేగం అందుకుంటుంది, లోపల సిలిండర్లు మాడతాయి. ఎంత తెరవాలి, ఎప్పుడు ఎంత మూయాలి అన్నది ఫ్లైట్ ఇంజనీర్ చేతిలో ఉంది. ఆయన పైలట్‌కి వీపు తిప్పి, తన మీటర్ల పలక వైపు చూస్తూ కూర్చుంటాడు. ఆ కాసేపు ఆయనతో మాట్లాడకండి.

చక్రాలు నేల వదలగానే ముక్కు పైకెత్తి ఎగబాకాలనిపిస్తుంది. వద్దు. విమానం అప్పటికి 60 టన్నులకు అటూ ఇటూగా ఉంటుంది. నీళ్ల మీదుగా తక్కువ ఎత్తులో పోనిచ్చి ముందు వేగం పెంచుకోండి. వేగం వస్తే గాలి వస్తుంది, గాలి వస్తే ముల్లు దిగుతుంది. ఎత్తు ఆ తర్వాత చూసుకోవచ్చు.

మంట అంటుకుంటే? స్కూల్ ల్యాబ్‌లో మెగ్నీషియం రిబ్బన్ కాల్చినప్పుడు వచ్చిన తెల్లటి వెలుగు గుర్తుందా? ఈ ఇంజిన్‌లో చాలా భాగాలు మెగ్నీషియం కలిపిన లోహంతో చేసినవే. బరువు తగ్గుతుందని అలా చేశారు. పెట్రోలు మంట అయితే సరఫరా కట్టేసి, ప్రొపెల్లర్ రెక్కలను గాలికి అంచు చూపేలా తిప్పి ఆపేసి, గ్యాస్ సిలిండర్ వదిలితే ఆరవచ్చు. లోహమే అంటుకుంటే ఇక ఆరదు, విమానం రెక్క లోపలి దూలాన్ని కొరుక్కుంటూ పోతుంది. అప్పుడు దూకమని పైలట్ అంటే ఎందుకు, ఏమిటి అని అడగకండి.

పెట్రోలు లెక్క

వెళ్లిరావడానికి సుమారు 3,855 మైళ్లు, అంటే 6,200 కిలోమీటర్లు. విశాఖ నుంచి హైదరాబాద్‌కు ఐదుసార్లు వెళ్లి వచ్చినంత దూరం. మధ్యలో ఎక్కడా దిగే వీలు లేదు, దాదాపు అంతా నీళ్లే. నాలుగు ఇంజిన్లూ కలిపి గంటకు దగ్గర దగ్గర 400 గ్యాలన్లు తాగుతాయి. పది టన్నుల దాకా బాంబులు మోయగల విమానం ఈ దారిలో మోసేది ఒక్క టన్నే. మిగతా చోటంతా పెట్రోలుది. మీ మూట కూడా ఆ లెక్కలోకే వస్తుంది కాబట్టి అక్కరలేనివి గదిలోనే వదిలేయండి.

పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ విమానం తేలికవుతుంది. మొదటి గంటలో పెట్టిన పవర్ ఎనిమిదో గంటకి అక్కర్లేదు, అంచెలంచెలుగా తగ్గిస్తూ పోవాలి. ఇది తెలిసీ చెయ్యనివాళ్లున్నారు, ఎందుకంటే వేగంగా పోతే పని తొందరగా అయిపోతుందని మనసు ఊరుకోదు. ఇంత దూరం వచ్చేసరికి ఇంత మిగలాలి అని బయలుదేరకముందే కాగితం మీద గీత గీసుకుని, గంట గంటకీ అసలు లెక్కను దాని పక్కన పెట్టి చూడండి. గీత కిందికి జారుతుంటే ఆ సంగతి పైలట్‌కి వెంటనే చెప్పాలి. ఎదురుగాలి తగ్గుతుందిలే, తర్వాత చూద్దాంలే అంటే కుదరదు.

తిరిగి వచ్చేయడం తప్పు కాదు. ఆ రాత్రి చైనా బే నుంచి 54 విమానాలు లేస్తే పాలెంబాంగ్ దాకా చేరినవి 39.

ప్రయాణం పద్దెనిమిది గంటల పైచిలుకు పట్టొచ్చు. వంతులవారీగా నిద్రపోండి. ముందు క్యాబిన్ నుంచి వెనక్కి వెళ్లాలంటే బాంబుల అరల పైనున్న సన్నటి సొరంగంలో పాకాలి. ఎత్తులో ఉండగా, లోపల గాలి ఒత్తిడి నింపి ఉన్నప్పుడు, అందులో ఎక్కువసేపు ఉండొద్దు. ఒక చివర అద్దం పగిలితే మనిషి తూటాలా కొట్టుకుపోతాడు. పక్క గాజు బుడగల దగ్గర కూర్చునే గన్నర్లు పట్టీ విప్పకూడదు. 1945 జనవరిలో, ఈ దాడి తర్వాత, నగోయా మీద ఒక గన్నర్ గాజు బుడగ ఊడిపోయి బయటికి వేలాడాడు. తోటివాళ్లు లోపలికి లాగే దాకా అతన్ని పట్టి ఉంచింది ఆ పట్టీయే.

లక్ష్యం మీద

దారి గుర్తు సైబెరుట్ దీవి, సుమత్రా పడమటి తీరం అవతల. అది దాటాక రాత్రిపూట కింద ఏమీ కనపడకపోవచ్చు. రాడార్ మనిషిని ముందునుంచే అలవాటు చేసుకోండి, మబ్బు పడితే ఆయనే మీ కళ్లు. ఆ రాత్రి జరిగింది అదే. 31 విమానాలు పాలెంబాంగ్‌లోని ప్లాజు శుద్ధి కర్మాగారం మీద బాంబులు వేస్తే ధ్వంసమైనట్టు రుజువు దొరికింది ఒక్క భవనానికే. పాలెంబాంగ్‌ను సముద్రంతో కలిపే మూసీ నదిలో మైన్లు, అంటే నీళ్లలో ఓడలను పేల్చే బాంబులు, వేసే పని ఎనిమిది విమానాలకు పడింది. మన హైదరాబాద్ మూసీ కాదు, పేరు మాత్రం అదే. చీకట్లో నది మీదకు దిగి వేయడం ప్రాణాల మీదకు తెచ్చే పనే. కానీ చివరికి ఫలితం చూపింది వాళ్లే. ఆ మైన్లు మూడు ఓడలను ముంచాయి, రెంటిని దెబ్బతీశాయి. చమురు ఓడలో ఎక్కకపోతే జపాన్ చేరదు కదా.

ఇంకో జాగ్రత్త ఉంది, దాన్ని మీకు ఆగస్టులో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అది డిసెంబర్ 14న నేర్చుకున్నది. ఆ రోజు బ్యాంకాక్‌లో మబ్బు పట్టిందని 40వ గ్రూపు విమానాలు కొన్ని రంగూన్ వైపు తిరిగాయి. అరల్లో 1,000 పౌన్ల బాంబులు, 500 పౌన్ల బాంబులు కలిపి ఎక్కించారు. రెండూ ఒకే దారిలో పడవు. విమానాల కిందే ఒకదానికొకటి తగిలి పేలిపోయాయి. నాలుగు బి-29లు పోయాయి. బతికినవాళ్లు రంగూన్ జైల్లో ఖైదీలయ్యారు. ఆ కలగలుపు మీద ముందే అభ్యంతరం చెప్పారు, వినలేదు. మీ అరలో ఏముందో బాంబులు ఎక్కించేటప్పుడు దగ్గర నిలబడి చూసుకోండి.

రేవు, డాక్, ఫ్యాక్టరీ అని బ్రీఫింగ్‌లో అంటారు, ఫొటోలో చుక్కలు చూపిస్తారు. ఆ చుక్కల్లో కూలీలుంటారని గుర్తుంటే మంచిది. నవంబర్ 5న సింగపూర్ నౌకాదళ స్థావరంలో ఓడలు బాగుచేసే కింగ్ జార్జ్ ఆరు గ్రేవింగ్ డాక్‌ని గురి చూసి కొట్టి మూలపడేశారు. ఖచ్చితత్వానికి పేరొచ్చింది, అక్కడ పని చేస్తున్న ఆసియా కూలీలు కొందరు చనిపోయారు. మన వైపు ఈ బాధ కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి.

తిరుగు దారి

అలసట వస్తుంది, ఇక అయిపోయిందనిపిస్తుంది. ఆ రాత్రి పోయిన ఒకే ఒక్క బి-29 పెట్రోలు అయిపోయి తిరుగు దారిలో సముద్రంలో దిగింది. సహాయానికి బ్రిటిష్ యుద్ధనౌకలు, సబ్‌మెరైన్లు, విమానాలు దారి పొడవునా ఉన్నాయి కాబట్టి సిబ్బందిలో చాలామంది బతికారు.

నీళ్లలో దిగాల్సి వస్తే ఇంజిన్లన్నీ ఆగేదాకా చూడకండి, కొంచెం పవర్ ఉన్నప్పుడే దిగితే చేతిలో అదుపు ఉంటుంది. బాంబుల అర తలుపులు గట్టిగా మూసి ఉన్నాయో లేదో చూడండి, అవి తెరుచుకుంటే నీళ్లు విమానాన్ని చీల్చేస్తాయి. బరువైనవి ముందే బయటకు విసిరేయండి. గోడకు వీపు ఆనించి, తల వెనక చేతులు పెట్టుకోండి. రేడియో ఆపరేటర్ చివరి క్షణం దాకా స్థానం పంపుతూనే ఉండాలి. పడవలో చేతి పిడి తిప్పితే పనిచేసే చిన్న రేడియో ఉంటుంది. ముందు దాన్ని ఎక్కించండి, నీళ్ల డబ్బాలు తర్వాత. లైఫ్ జాకెట్‌లో గాలి విమానం బయటకు వచ్చాకే నింపండి, లోపలే నింపితే కిటికీలో ఇరుక్కుంటారు.

అదృష్టం బాగుండి చైనా బే రన్‌వే కనిపిస్తే, దిగి ఆగాక రెక్క మీదకు ఎక్కి ట్యాంకులో కొలత కర్ర ముంచి చూడండి. మీటరు చెప్పిన అంకె, కర్రకు అంటిన తడి ఒకటేనా కాదా అన్నది మళ్లీ వెళ్లేటప్పుడు పనికొస్తుంది. ఆ రెండు అంకెలూ ఫ్లైట్ ఇంజనీర్ కాగితం మీదే రాసి ఇవ్వండి.